మాట వినెడి కోపైలటు

విమానము నడుపుట నేలమీదనే నేర్చుకొనుట కొత్త సంగతి కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింకు అను యువకుడు, తన తండ్రి కర్మాగారములో ఆర్గన్ వాద్యములకు వాడు తిత్తులను, గాలిపంపులను ఉపయోగించి, ఉన్నచోటనే ఉండి ఒరుగుచు, తిరుగుచు ఉండెడి ఒక చిన్న విమానపు పెట్టెను నిర్మించెను. మొదట దానిని వినోదశాలలవారు కొనిరి. రెండవ ప్రపంచ యుద్ధము నాటికి అది వేలకొలది వైమానికులకు బడి అయినది. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ తన ఫ్లైట్ సిమ్యులేటరును వెలువరించిన పిమ్మట ఆ పెట్టె చేయు పని బల్లమీది కంప్యూటరులోనికి వచ్చినది. 2020లోను, 2024లోను వెలువడిన కూర్పులలో భూగోళమంతయు తెరమీద కనబడును. దీనిని పిల్లల ఆట అని త్రోసివేయుట తగదు.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. బోయింగు 737 వంటి ప్రయాణికుల విమానమును ఇద్దరు నడుపుదురు. ఒకరు విమానమును పట్టుకొని నడుపుచుండగా రెండవవారు పరికరములను కనిపెట్టి చూచుచు, మీటలు వేయుచు, రేడియోలో మాటలాడుచు ఉందురు. ఇంటిలో కూర్చున్న విద్యార్థి ఒక్కడే. వానికున్నవి రెండు చేతులు. వానిలో ఒకటి మౌసుకు చాలదు. నేల విడిచిన మరుక్షణమున చక్రములు ఎత్తుటకు మౌసుతో మీటను వెదకుచుండగా విమానము ఒకప్రక్కకు ఒరిగిపోవును. ఈ కొరతను తీర్చుటకే ఎఫ్.ఎస్.2క్రూ, మల్టీ క్రూ ఎక్స్‌పీరియెన్స్ మొదలైన అనుబంధ ప్రోగ్రాములు పుట్టినవి. మైక్రోఫోనులో "గేర్ అప్" అనినంతనే చక్రముల మీట దానంతట అది పైకి లేచును; ఒక గొంతు ఆ మాటనే తిరిగి పలుకును. కనబడని కోపైలటు ప్రక్కన కూర్చున్నట్లే యుండును.

ఇది వినుట ఎట్లు? మైక్రోఫోను గాలిలోని ఒత్తిడి మార్పులను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును కంప్యూటరు సాధారణముగా సెకనుకు 16,000 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఆ అంకెల వరుసను చిన్న చిన్న ముక్కలుగా తీసికొని, సెకనులో నూరవవంతు చొప్పున ముందుకు జరుగుచు, ఒక్కొక్క ముక్కలో ఏ స్థాయి ధ్వని ఎంత బలముగా నున్నదో లెక్కకట్టును. పిమ్మట తనకు తెలిసిన మాటలలో ఏది దీనికి దగ్గరగా నున్నదో పోల్చి చూచును. పోలిక ఒక హద్దుకు లోపడినచో ఊరకుండును. హద్దు దాటినచో ఆ మాట విన్నట్లే లెక్క.

చెప్పుటకు తేలికయే గాని, దీనికి పట్టిన కాలము స్వల్పము కాదు. 1952లో బెల్ ప్రయోగశాలలో నిర్మించిన 'ఆడ్రీ' 0 నుండి 9 వరకు గల అంకెలను మాత్రమే, అదియు ఒక మనిషి గొంతుకు సవరించిన పిమ్మట, గుర్తించెడిది. 1962లో ఐ.బి.ఎం. వారు ప్రదర్శించిన 'షూబాక్సు'కు 16 మాటలు వచ్చును. ఈ కథలో మనవారి పాత్ర చిన్నది కాదు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో తన బృందముతో నిర్మించిన 'హియర్‌సే' అను వ్యవస్థ, 1970 దశాబ్దపు తొలి సంవత్సరములలోనే, మనిషి నోట చెప్పిన చదరంగపు ఎత్తును విని అర్థము చేసికొనెడిది. ఇందులోని యుక్తి మన విద్యార్థులు గమనింపదగినది. చదరంగములో ఒక క్షణమున వేయదగిన ఎత్తులు కొన్నియే కదా! విన్న ధ్వని మసకగా నున్నను, బల్లమీది పరిస్థితిని చూచి, వీలుకాని ఎత్తులను త్రోసివేసినచో మిగిలిన వానిలో సరియైనది దొరకును. చెవి తడబడినచోట తెలివి ఆదుకొనునన్నమాట. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగు పురస్కారము లభించినది. ఈ చదరంగపు బల్లను పాఠకులు గుర్తుంచుకొనగోరెదను. మరల దాని యొద్దకే రావలసియున్నది.

మన కోపైలటు కూడ సగము యుక్తిని ఇక్కడినుండియే గ్రహించినది. లోకములోని మాటలన్నియు దానికి అక్కరలేదు. విమానములో పలుకు మాటల పట్టిక ఒకటి చాలును. కావుననే అది సామాన్యమైన ఇంటి కంప్యూటరుపై పనిచేయుచున్నది. ఇందువలన విద్యార్థికి ఒక మేలు కూడ కలుగుచున్నది. "ఆ చక్రాలు కాస్త ఎత్తవయ్యా" అనినచో అది కదలదు. నిర్ణయించిన మాటను నిర్ణయించిన క్రమములోనే పలుకవలెను. నిజమైన విమానములో జరుగునదియు ఇదియే. ముందు కోపైలటు ఎత్తు పెరుగుచున్నదని చూచి "పాజిటివ్ రేట్" అనవలెను. ఆ పిమ్మటనే కెప్టెను "గేర్ అప్" అనవలెను. పుస్తకములో పదిసార్లు చదివినను పట్టుబడని ఈ వరుస, నోటితో నాలుగు దినములు పలికినచో నాలుకకు ఎక్కుచున్నది. ఇది మెచ్చుకొనదగిన గుణము.

ఉచ్చారణను గూర్చి ఒక మాట. మనము 'థ్రీ'ని 'త్రీ' అందుమని నవ్వువారు కలరు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రేడియో సంభాషణకు నిర్ణయించిన ఉచ్చారణ ఏదో తెలియునా? మూడు అంకెకు 'ట్రీ', అయిదుకు 'ఫైఫ్', తొమ్మిదికి 'నైనర్'. రేడియోలోని గరగరలో ఒక అంకె మరొక అంకెగా వినబడకుండుటకే ఈ ఏర్పాటు. కనుక తెలుగు నాలుక సిగ్గుపడవలసిన పనిలేదు.

చిల్లర లోపములు కొన్ని కలవు. పైకప్పు ఫ్యాను మ్రోతలో దీని చెవి మందగించును. స్పీకరులో ధ్వని పెంచినచో తాను పలికిన మాటను తానే విని మరల ఆజ్ఞగా స్వీకరించుట కూడ చూచితిని. తలకు తగిలించుకొను ఇయర్‌ఫోను వాడి, మాటలాడునపుడు మాత్రమే ఒక మీట నొక్కిపెట్టుకొనినచో ఈ బాధలు చాలవరకు తీరును. వీనిని పెద్ద తప్పులుగా ఎంచను.

నేను ఎంచునది వేరొకటి. 737-800 విమానములో రెక్కల వెనుక అంచున దిగెడి పలకలను, అనగా ఫ్లాపులను, 15వ స్థానమునకు దించుటకు వేగము 200 నాట్‌లకు మించరాదు. ఇది గంటకు సుమారు 370 కిలోమీటర్లు. మించినచో గాలి తాకిడికి ఆ పలకలు దెబ్బతినవచ్చును. నేను వాడిన ప్రోగ్రాములో, పరీక్షించుటకే, 230 నాట్‌ల వేగమున "ఫ్లాప్స్ ఫిఫ్టీన్" అంటిని. అది మర్యాదగా నా మాటనే తిరిగి పలికి ఫ్లాపులను దించినది. మరొకమారు, ప్రయాణమునకు ముందు చదువు తనిఖీ పట్టికలో, చూడవలసిన మీటను చూడకయే "చెక్డ్" అంటిని. అందుకును తల ఊపినది. గంగిరెద్దు కూడ ఇంత విధేయముగా నుండదు.

ఇది యంత్రమునకు సాధ్యము కాని పని యని అనుకొనరాదు. టేకాఫ్ పరుగులో వేగము ఎంతకు చేరినదో చూచి "వి-వన్", "రొటేట్" అని సమయమునకు పిలుచునది ఈ కోపైలటే. ఎత్తు పెరుగుట చూచి "పాజిటివ్ రేట్" అనునదియు ఇదియే. అనగా వేగము దానికి తెలియుచునే యున్నది. మనిషి గొంతును మాటగా మార్చుట యను కఠినమైన పని చేసినవారు, రెండు అంకెలను పోల్చి "వేగము ఎక్కువ" అనుటను విడిచిపెట్టిరి. రాజ్ రెడ్డి గారి యంత్రము వినుటకే బల్లవైపు చూచెడిది. ఇది బల్లను చూచుచు కూడ చెవులకే పని చెప్పుచున్నది.

కోపైలటు ఉన్నది మీటలు వేయుటకు మాత్రమే యైనచో నాకీ ఫిర్యాదు ఉండెడిది కాదు. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫెలో, పొగమంచులో, రెండు బోయింగు 747 విమానములు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. కె.ఎల్.ఎం. విమానము పరుగు ప్రారంభించిన పిమ్మట, పాన్ అమెరికన్ విమానము ఇంకను రన్‌వే విడువలేదేమో యని ఫ్లైటు ఇంజనీరు అడిగెను. కెప్టెను కొట్టివేసెను. ఇంజనీరు మరల అడుగలేదు; కోపైలటు ఆపలేదు. ఆ కెప్టెను సంస్థలో అందరికిని శిక్షణ ఇచ్చు పెద్ద. సిమ్యులేటరులో శిక్షకుడే కంట్రోలరు పాత్రను కూడ వహించును గనుక, టేకాఫుకు అనుమతి కొరకు వేచియుండు అలవాటు అక్కడ సడలుననియు ఆ ప్రమాదమును పరిశీలించినవారిలో కొందరు ఎత్తిచూపిరి. 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు మొదలు, పెద్దవాని తప్పును చిన్నవాడు ఎట్లు చెప్పవలెను, పెద్దవాడు ఎట్లు వినవలెను అనునది వైమానికుల శిక్షణలో ఒక పాఠమైనది.

నిజమైన విమానములలో మాటకు లోబడు ఏర్పాటు లేకపోలేదు. యూరోఫైటర్ టైఫూను అను యుద్ధవిమానములో పైలటు తన గొంతును ముందుగా యంత్రమునకు నేర్పి, చేయి తీయకుండ అనేక పనులను మాటతో చేయించుకొనును. కాని చక్రములు దించుటను, ఆయుధములు విడుచుటను మాత్రము మాటకు అప్పగింపలేదు. బల్లమీది విమానములో మనవారు మొట్టమొదట పలుకునది "గేర్ అప్"!

ఈ ప్రోగ్రామును మా పాఠశాల పిల్లలకు చూపి, పిమ్మట దానిని ఆపివేసి, పదవ తరగతి బాలిక నొకతెను కోపైలటుగా కూర్చుండబెట్టితిని. ఫ్లాపుల వేగముల పట్టికను ఒక అట్టపై వ్రాసి ఆమె ముందుంచితిని. ఆమె చేయవలసినది, నేను చెప్పినపుడు కీబోర్డుపై ఎఫ్-7 మీట నొక్కుట. వేగము 230 ఉండగా "ఫ్లాప్స్ ఫిఫ్టీన్" అంటిని. ఆమె అట్టవైపు చూచినది, తెరవైపు చూచినది, నావైపు చూచినది, మీట నొక్కినది.

"వేగం ఎక్కువని తెలుసు కదమ్మా, చెప్పలేదేం?" అంటిని.

"మీరు చెప్పారు కదండీ సార్" అన్నది.

వెనుక నిలిచిన పిల్లలు నవ్విరి, నేను నవ్వలేకపోతిని. ఆ గంట మిగిలిన కాలమంతయు టెనెరిఫె కథ చెప్పితిని. మరునాడు వేరొక విమానాశ్రయము, వేరొక దినపు వాతావరణము పెట్టి, ముందుగా ఏమియు సూచింపక, దిగుటకు సిద్ధమగుచు, 215 నాట్‌లలో మరల అదే మాట అంటిని. చేయి ఒడిలోనే యుంచుకొని, తెరనుండి చూపు మరల్చకుండ, "స్పీడ్ టూ వన్ ఫైవ్, సార్. తగ్గాక వేస్తాను" అన్నది.