డ్యాష్‌బోర్డు వెనకాల పనితనం

మైదుకూరు నుంచి చాపాడు మీదుగా ప్రొద్దుటూరుకు పోయే పాత లారీలో డ్రైవరు పక్కన కూర్చుంటే, ఆయన చేయి గేరు రాడ్డు తర్వాత ఎక్కువగా పోయేది పాటల పెట్టె మీదికే. ఎర్రగుంట్ల నాపబండలు ఎత్తినా, కె.సి. కాలువ కింద పండిన వడ్లు ఎత్తినా రాత్రి దారిలో ఆయనకు తోడు అదే. ఇంజను ఇంకా పదేళ్లు లాగే బండిలోనూ ఆ పెట్టె ముందుగానే మూగబోతుంది. దాని చోట కొత్తది బిగించడం ఆటో ఎలక్ట్రీషియన్ల చేతిపని. ‘పాట వస్తాంది కదప్పా, ఇంకేం చూడాల?’ అని తొందరపడేవాళ్లుంటారు. పాట రప్పించడం అరగంట పని. మేస్త్రీ ఎంతటివాడో తెలిసేది డ్యాష్‌బోర్డు వెనకాల.

ముందు కొలత. ఇప్పటి సెట్లకు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సందు కావాలి. ఇది జర్మనీలో పుట్టి ప్రపంచమంతా పాకిన కొలత. పాత రేడియోలకు మాత్రం మధ్యలో చిన్న కిటికీ, అటూ ఇటూ తిప్పుడు మరలకు రెండు గుండ్రటి రంధ్రాలు ఉండేవి. కొత్త సెట్టు అందులో పట్టదు. చాలామంది వెంటనే రేకు కోసేస్తారు. కోసిన రేకు మళ్లీ అతకదు కాబట్టి, బోర్డు కింద వేరే పెట్టె కట్టి బిగించే మేస్త్రీకే నా ఓటు. సెట్టు వెనక భాగానికీ పట్టీ వేయాలి. లేకపోతే గతుకుల్లో దాని బరువంతా ముందు అంచు మీదే వేలాడుతుంది.

తర్వాత కరెంటు. కొన్ని బండ్లు 12 వోల్టులవి, కొన్నింటిలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేసి ఉంటారు. మీటరు పెట్టి చూడకుండా వైరు ముట్టకూడదు. 24 వోల్టుల బండిలో ఒక అడ్డదారి ఉంది: రెండు బ్యాటరీల నడుమ నుంచి వైరు లాగితే సెట్టుకు కావాల్సిన 12 వోల్టులు వస్తాయి, పాట పలుకుతుంది. కానీ రేడియో ఒక్క బ్యాటరీనే తాగుతుంది. ఆల్టర్నేటరు మాత్రం రెండింటినీ కలిపే చార్జి చేస్తుంది. వాడినది ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, వాడనిది మోతాదు మించి చార్జయి నీళ్లు ఆవిరై పాడవుతుంది. 24 వోల్టులను 12కు దించే కన్వర్టరు ఖర్చు మిగుల్చుకుందామని చూస్తే బ్యాటరీ కొనాల్సి వస్తుంది.

సాధారణంగా పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళంచెవి స్విచ్చుకు, నలుపు ఎర్తుకు పోతాయి. పసుపును కూడా స్విచ్చుకే కలిపితే తాళం తీసిన ప్రతిసారీ పెట్టుకున్న స్టేషన్లు చెరిగిపోతాయి. పసుపు వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. రేకు రంధ్రంలోంచి వైరు పోయేచోట రబ్బరు ఉంగరం తప్పనిసరి. అది లేక వైరు ఒరుసుకుంటే క్యాబిన్‌లో మంటలే.

అన్నిటికన్నా ఎక్కువ సెట్లను చంపేది స్పీకరు వైరు. వెనకటి రేడియోల్లో స్పీకరుకు ఒక వైరు వచ్చేది, రెండో కొస బాడీకి తగిలించేవాళ్లు. ఇప్పటి సెట్టులో స్పీకరు రెండు వైర్లూ ఆంప్లిఫయరు నుంచే వస్తాయి. వాటిలో ఏదీ బాడీని తాకకూడదు. పాత వైరింగును నమ్మి కలిపితే లోపలి ఐసీ మాడిపోతుంది. అందుకే ఓపికున్న మేస్త్రీ పాత వైరు వదిలేసి, ఒక్కో స్పీకరుకు కొత్తగా జత వైర్లు లాగుతాడు.

కొనేటప్పుడు చూడాల్సిన సంగతి ఇంకొకటుంది. చవక సెట్లలో ఎఫ్.ఎం., పెన్‌డ్రైవ్, బ్లూటూత్ ఉంటాయి, మీడియం వేవ్ చాలావాటిలో ఉండదు. 1963లో మొదలైన కడప ఆకాశవాణిని ఈ సీమ జనం విన్నది మీడియం వేవ్‌లోనే, 900 కిలోహెర్ట్జ్ మీద. పొలం కబుర్లూ, ప్రాంతీయ వార్తలూ ఆ ముల్లు దగ్గరే దొరికేవి. కొత్త సెట్టులో ఆ బ్యాండే లేకపోతే ఎంత మంచి ఏరియల్ పెట్టినా లాభం లేదు. బ్యాండు ఉంటే ఏరియల్ మొదట్లో రంగు గీకి, ఇనుముకు ఎర్తు బాగా తగిలేలా బిగించాలి. దాని వైరును కరెంటు వైర్లకు దూరంగా నడపాలి.

పని అయ్యాక ఇంజను ఆపి పాట వింటే సరిపోదు. స్టార్టు చేసి, లైట్లు వేసి, యాక్సిలరేటరు తొక్కాలి. ఇంజనుతో పాటు ఈల లాంటి మోత పెరిగితే అది ఆల్టర్నేటరుదే. కరెంటు వైరుకు ఫిల్టరు వేసి, ఎర్తు మళ్లీ బిగించి, ఇంకోసారి తొక్కి వినాలి.