రామ మనవైపు చూడనైనా చూడలేదు

డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆర్థర్ సి. క్లార్క్ నవల ‘రాందేవూ విత్ రామా’ దొరికింది. అట్ట చిరిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. ఇంటికి తెస్తే నాయనమ్మ “రాముడి పుస్తకమా?” అంది. కొంతవరకు అవును. గ్రీకు, రోమన్ దేవతల పేర్లన్నీ వాడేశాక ఖగోళ శాస్త్రజ్ఞులు మన దేవుళ్ల పేర్ల దగ్గరికొచ్చారనీ, అలా ఒక వింత వస్తువుకి రాముడి పేరు పడిందనీ అందులో ఉంటుంది. లంకలో కాపురమున్న రచయిత రాముణ్ణి తలుచుకోవడం నాకు సరదా అనిపించింది.

కథ చెప్పమంది. యాభై కిలోమీటర్ల పొడవు, ఇరవై కిలోమీటర్ల అడ్డం ఉన్న గొట్టం లాంటి ఓడ సూర్యుడి వైపు వస్తుంది. మనుషులు లోపలికి వెళ్లి చూస్తారు. సముద్రం ఉంది, ఊళ్లలాంటివి ఉన్నాయి, కట్టినవాళ్ల జాడ మాత్రం లేదు. సూర్యుణ్ణి చుట్టి ఓడ తన దారిన పోతుంది.

“ఎవరిదిరా ఆ ఓడ?”

“తెలీదు.”

“ఎందుకొచ్చింది?”

“తెలీదు నాయనమ్మా.”

“మరేం చదివావురా ఇంతసేపూ?”

ఆ మాట పట్టుకునే కాలేజీ గోడపత్రికలో నా మొదటి సమీక్ష రాశాను. పెళ్లికొడుకు రాని పెళ్లి అని వెక్కిరించాను. స్నేహితులు నవ్వారు. అది తప్పుడు సమీక్ష అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

నాకు అప్పటికి తెలిసిన గ్రహాంతరవాసులు మనకోసమే వచ్చేవాళ్లు. ఆ దారి వేసిన వాళ్లలో హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. 1898లో పుస్తకంగా వచ్చిన ‘ది వార్ ఆఫ్ ద వరల్డ్స్’లో అంగారకులు మన మీద పడతారు. కానీ ఆయన మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా ఆదివాసులకు తెల్లవాళ్లు చేసిందేమిటో గుర్తుచేస్తాడు. తర్వాత అనుకరించినవాళ్లలో చాలామంది ఆ పొడవాటి చేతుల్ని తెచ్చుకుని, ఆ ప్రశ్నను అక్కడే వదిలేశారు. అందుకే కొత్త నవల తెరిస్తే ముందు అడుగుతాను: వీళ్లకి మనతో ఏం పని? నీళ్లకోసం వచ్చారంటే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. తోకచుక్కల నిండా మంచే ఉంటే, ఇంత లోతు గురుత్వాకర్షణలోకి దిగి మన బావి తోడుకోవడం ఎందుకు?

రెండో అలవాటు పెన్సిల్. రామ లోపలి అడ్డం 16 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. రెండోసారి చదివినప్పుడు అంచులో లెక్క కట్టాను. లోపలి గోడ మీద నిలబడితే బరువు భూమ్మీది దానిలో సగానికి కాస్త ఎక్కువ. 60 కిలోల మనిషి 34 కిలోలు తూగినట్టుంటాడు. ఇరుసు దగ్గర బరువే ఉండదు. ఆ చీకట్లో మెట్లు దిగేవాళ్లకి ఒక్కో మెట్టుకీ ఒళ్లు కొంచెం కొంచెంగా బరువెక్కుతుంది. మొదటిసారి ఆ పేజీలు గబగబా తిప్పేశాను, ఎవరైనా ఎదురొస్తారేమోనని. అసలు కథ నడిచిందే ఆ మెట్ల మీద.

లెక్క తప్పిన ప్రతి పుస్తకాన్నీ చీల్చి చెండాడను. లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లెం’లో మూడు సూర్యుల గందరగోళం ఉంది. ఆల్ఫా సెంటారిలో నిజంగానే మూడు నక్షత్రాలున్నా, మూడోది మిగతా రెంటికీ ఎంతో దూరంగా, పేచీ లేకుండా తిరుగుతుంటుంది. అయినా ఆ ఒక్క స్వేచ్ఛ తీసుకుని ఆయన ఎంత కట్టాడో చూడండి!

స్టానిస్లావ్ లెమ్ 1961 నాటి ‘సొలారిస్’ మాత్రం నా కలాన్నే పట్టుకుని ఆపింది. గ్రహాన్ని కప్పేసిన సముద్రమే అందులో ప్రాణి. తరతరాల శాస్త్రజ్ఞులు పుస్తకాలు నింపినా అది అంతుపట్టదు. ‘మెదడు లాంటిది’ అని రాసి కొట్టేశాను. లాంటిది అనగానే అది మన పెరట్లోకి వచ్చి కట్టుగొయ్యకి చేరిపోతుంది. లెమ్ వాక్యం బిగువుగా ఉందని కూడా రాశాను. నేను చదివిన 1970 నాటి ఇంగ్లీషు అనువాదం పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచి నుంచి చేసిందని తర్వాత తెలిసింది. నేను మెచ్చుకున్న బిగువు ఎవరిదో!

2017 అక్టోబరులో హవాయిలోని టెలిస్కోపుకి ఒక వస్తువు చిక్కింది. మన సౌరకుటుంబం బయటినుంచి వచ్చిందని మనం గుర్తించిన మొదటిది అదే. ఓమువామువా అని పేరు పెట్టారు. దూరం నుంచి ముందుగా వచ్చిన దూత అన్న అర్థంలో. రాముడికంటే ముందు దూత రావడం మనకి కొత్తేమీ కాదు. మనం చూసేసరికే అది సూర్యుణ్ణి చుట్టి వెనక్కి మళ్లింది. దాని అసలు ఆకారం మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. పెళ్లికొడుకు రాలేదని ఎవరూ అలగలేదు.

ఆ వారం నా పాత సమీక్షను మొదటినుంచి తిరగరాశాను. వినిపించడానికి నాయనమ్మ లేదు. ఉంటే, ఓడ ఎవరిదో, ఎందుకొచ్చిందో ఇప్పుడూ చెప్పలేను. ఏం చదివావురా అంటే మాత్రం ఆ మెట్ల దగ్గర మొదలుపెట్టేవాణ్ణి.