భాష నేర్చినవారూ, నేర్పినవారూ

గిడుగు రామమూర్తి పంతులుగారిని గురించి మన వేదికలమీద జరిగే ప్రసంగాలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడిపోయింది. వక్త ముప్పాతిక వంతు కాలం వ్యావహారిక భాషోద్యమానికి కేటాయించి, ముగించబోతూ "అంతేగాక ఆయన సవర భాష కూడా నేర్చుకున్నారు" అని ఒక వాక్యం చేరుస్తాడు. భోజనమయ్యాక యిచ్చే తాంబూలం లాంటిది ఆ వాక్యం. ఆ "అంతేగాక" అనే మాటమీద నాకు అభ్యంతరం వుంది.

మొదట కాలక్రమం చూద్దాం. 1863లో పుట్టిన గిడుగు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండలు, కొండలమీద సవరలు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. వ్యావహారికం కోసం ఆయన కత్తిగట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. అంటే సవర ముందు, వ్యావహారికం వెనక. జీవితచరిత్రలో ముందు జరిగినదాన్ని ప్రసంగంలో అనుబంధంగా మార్చడం ఊరికే జరగలేదు. కొండభాష నేర్చుకోవడం పంతులుగారి దయాగుణానికి నిదర్శనమనీ, తెలుగు సంస్కరణ ఆయన మేధకు నిదర్శనమనీ మన విద్యావంతుల మనసులో ఒక విభజన వుంది. దయకు చివరి వాక్యం చాలుననుకుంటారు.

కాని ఆ నేర్చుకోవడం ఎలాంటిదో ఆలోచించండి. చదువుకోవడానికి పుస్తకం లేదు. ఆశ్రయించడానికి వ్యాకరణం లేదు. భాషకు లిపే లేదు. (సోరంగ్ సోంపెంగ్ అనే లిపిని మంగయి గొమాంగో 1936లో గాని రూపొందించలేదు.) ఉన్నదల్లా మాట్లాడే మనిషి, వినే చెవి. అగ్రవర్ణంలో పుట్టి, రాజావారి బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు అక్షరం రాని మనిషి ఎదుట శిష్యుడై కూర్చోవాలి. తప్పు పలికితే దిద్దే అధికారం ఆ మనిషిదే.

ఇక ఆ చెవికి వినపడినదేమిటి? సవర ఆర్య భాషా కాదు, ద్రావిడ భాషా కాదు. సంతాలీ లాగ ముండా భాష. గొంతుక దగ్గర గాలి ఠక్కున ఆగిపోయే శబ్దం ఒకటి అందులో వుంది. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. నామపదాన్ని క్రియ తనలోకి లాక్కుని ఒకే మాటగా చేసే నిర్మాణం వుంది. ఇంత సూక్ష్మమైన కట్టుబాటు ఏ పండితుడూ శాసించకుండానే, సంతలో బేరమాడే స్త్రీల నోట పొల్లుపోకుండా నడుస్తూంది. దీన్ని స్వయంగా తెలుసుకున్నవాడు "నోటిభాషకు నియమం వుండదు, నియమం గ్రంథంలోనే వుంటుంది" అనే మాటను ఒక్క క్షణమైనా నమ్మగలడా? గ్రాంథికవాదుల మూలసూత్రం అదే గదా! ఆ సూత్రం మద్రాసు వాదోపవాదాల కంటె ఎన్నో ఏళ్లముందే పర్లాకిమిడిలో ఒక ఇంటి అరుగుమీద ఓడిపోయిందని నేనంటాను.

1906లో ఉత్తర మండలాలకు పాఠశాలల పరీక్షాధికారిగా జె. ఎ. యేట్స్ వచ్చాడు. తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలో ఒక తెలుగూ వీధిలో ఇంకొక తెలుగూ ఎందుకున్నాయని అడిగాడు. ఒక తెల్లదొర ప్రశ్నతో మనకు బుద్ధి వచ్చిందని వెక్కిరించేవాళ్లు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. పరాయిభాష నేర్చుకునేవాడికే ఆ ప్రశ్న తడుతుంది. ఆ ప్రశ్న విలువ పోల్చగలిగినవాడు, తానూ ఒక పరాయిభాష అలాగే నేర్చుకున్న గిడుగు. గురజాడకు దానిమీద ఇంకొక దారిలో అవగాహన వుంది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రం చూసినవారికి ఇది తెలుసు.

ఇంతవరకూ పొగడ్త. గిడుగును పూజించడం మన పని గాదు గనుక, రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి: సవర విషయంలో కొండమనిషి నోటిని ప్రమాణంగా తీసుకున్న గిడుగు, తెలుగు విషయంలో "శిష్టవ్యావహారికం" దగ్గర ఆగారు. చదువుకున్నవారు తమలో తాము మాట్లాడుకునే తెలుగే ఆయనకు ప్రమాణం. పాలేరు తెలుగు, చేనేతవాని తెలుగు, తెలంగాణా రైతు తెలుగు గడప బయటే నిలబడ్డాయి. పండితులతో పోరాడవలసిన ఆ రోజుల్లో అది యుద్ధతంత్రమని సమర్థించవచ్చు. నేను కూడా కొంతవరకు సమర్థిస్తాను. కాని వందేళ్ల తర్వాత ఆ గీతనే పట్టుకుని, మాండలికం రాసిన విద్యార్థి వ్యాసంమీద ఎర్రసిరా పోసే ఉపాధ్యాయుడు, ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేస్తే దాన్ని ఏమనాలి?

రెండు: ఆయన సవర పిల్లలకోసం బడులు పెట్టించారు, వాచకాలు రాశారు. అయితే ఆయన కడపటి పెద్ద గ్రంథాలు, 1931లో వెలువడిన సవర వ్యాకరణమూ, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువూ ఇంగ్లీషులో వున్నాయి. వాటివల్ల శాస్త్రానికి గొప్ప మేలు జరిగింది. మన్యం పాలించే అధికారికీ కొంత జరిగివుండవచ్చు. సవరకు? ఆ గ్రంథాల సంపాదనలో గిడుగు చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైను మింగారు, దానివల్ల వినికిడి పోయింది. చెవితో భాష నేర్చినవానికి చెవుడు.

ఎవరు ఎవరి భాష నేర్చుకోవలసి వస్తుందనేది సమాజంలో ఎవరిది పైచెయ్యో చెప్పే లెక్క. సవర మనిషి సంతలో తెలుగు నేర్చుకుంటాడు, ఒడిషా వైపువాడైతే ఒడియా నేర్చుకుంటాడు; లేకపోతే ఉప్పు దొరకదు, చింతపండుకు ధర పలకదు. షావుకారు తూకానికీ అప్పుపత్రానికీ సరిపోయినంత సవర నేర్చుకుంటాడు. అధికారి అదీ నేర్చుకోడు, దుబాసీని పెట్టుకుంటాడు. రెండు మూడు భాషలు తెలిసినవాడు నిరక్షరాస్యుడు, ఒక్కటి తెలిసినవాడు విద్యావంతుడు!

హైదరాబాదు సంస్థానంలోనూ ఇదే లెక్క. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 దాకా ఉర్దూలో బోధించింది. ఇంగ్లీషును దాటి దేశభాషలో ఉన్నతవిద్య చెప్పడం గొప్ప సాహసమే. కాని తెలుగు రైతు కొడుక్కి ఆ దేశభాష కూడా పై నుంచి దిగివచ్చిందే. అదే ఉర్దూను దాశరథి నిజాముకు ఎదురు నిలిచి జైలుకు వెళ్లిన తర్వాత కూడా వదులుకోలేదు. 1961లో గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. భాషమీద ద్వేషం ఎక్కడ అనవసరమో ఆయనకు తెలుసు.

"కన్యాశుల్కం"లో వెంకటేశం తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే, గిరీశమూ వాడూ పాఠ్యపుస్తకాల ముక్కలు ఒకరిమీద ఒకరు విసురుకుంటారు, ఆవిడ మురిసిపోతుంది. గురజాడ ఆవిణ్ణి ఎగతాళి చేస్తున్నాడనుకునేవారు ఆ సన్నివేశాన్ని సరిగా చదవలేదు. అర్థంకాని భాషకు అధికారం వుందని ఆవిడకు బాగానే అర్థమయింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లీషు మాధ్యమం పెడతామన్నప్పుడు (2020లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టివేసింది) పేద తల్లిదండ్రులు చాలామంది సమ్మతించారు. వాళ్లకు మాతృభాషాభిమానం లేదని తిట్టిన మన మేధావులు తమ పిల్లల్ని ఏ బడికి పంపారో నేను అడగను.

సవర పిల్లవాని సంగతికి వస్తాను. 2004లో ఉమ్మడి రాష్ట్రం 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించింది. సవర వాటిలో ఒకటి, అచ్చు తెలుగు లిపిలో. 2003లో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలుకెక్కింది, సవర ఎక్కలేదు. బడిలో మొదటి రోజునే పిల్లవాణ్ణి మూగవాణ్ణి చేయకూడదనేది సామాన్యమైన కోరిక. అయినా "ఈ పిల్లలకు భాష రాదండీ" అనే మాట సదుద్దేశం గల ఉపాధ్యాయుల నోటనే నేను ఎన్నోసార్లు విన్నాను. ఏ భాష రాదు, ఎవరికి రాదు అని అడిగితే ఆశ్చర్యపడతారు.

సాహిత్యకారులం మనం మెరుగా? 1960లలో శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల్ని కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. ఆ పోరాటంమీద, కొండ ప్రజలమీద మనవాళ్లు రాసిన కథల్లో నేను చదివినంతలో సవర పాత్ర మాట్లాడేది విరిగిన తెలుగు. అధికారి పాత్ర సవర ఎక్కడా విరగదు, అతను సవర మాట్లాడడు గనుక. సవర తన భాషలో ఆలోచిస్తున్నాడనే స్పృహ కథకునికి వుంటే, ఆ తెలుగు విరగవలసిన అవసరమే వుండదు. ఇంట్లో తన పిల్లలతో మాట్లాడేటప్పుడు అతను అనర్గళంగా మాట్లాడతాడు గదా.

నేను పాఠం చెప్పిన తరగతుల్లో గిడుగు పేరు తెలియని విద్యార్థి లేడు. ఆయనకు సవర నేర్పిన మనిషి పేరు ఒక్కరూ చెప్పలేకపోయారు. మన సంఘం చేయగల పని ఒకటుంది. గిరిజన గీతాలని మన పత్రికల్లో తెలుగు అనువాదం మాత్రమే వేసి, కింద అనువాదకుని పేరు వేస్తున్నాం. ఇకమీదట మూలాన్ని కూడా పక్కన అచ్చువేయాలి, పాడినవారు ఒప్పుకుంటే వారి పేరుతో. తెలుగు అక్షరాలు చాలనిచోట కొత్త గుర్తు పెట్టాలి. అచ్చుతప్పులు దిద్దడానికి సవర తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, ఆ పనికి కూలి ఇవ్వాలి.