కృష్ణానది జెల్లకు రెండు నామములు

కృష్ణవేణి తెలంగాణమున అడుగిడు తంగిడి సమీపమున భీమానది వచ్చి దానిలో కలియును. అచ్చటినుండి పాలమూరు రాతినేలలను ఒరసికొనుచు, నల్లమల కొండల నడుమ లోతుగా పాఱి, నల్లగొండ సీమయందు నాగార్జునసాగరముగా విస్తరించిన ఈ జలరాశిలో బెస్తలును ముదిరాజులును తరతరములుగా పట్టుచున్న జెల్లచేపలలో ఒకదానికి శాస్త్రనామము లభించిన విధము, ప్రాణులను వర్ణించు సంప్రదాయమందలి నిష్ఠను తెలియగోరువారికి చక్కని నిదర్శనము.

1988లో ‘మత్స్య’ పత్రికయందు ఎం. రామకృష్ణయ్యగారు నాగార్జునసాగరపు జెల్లనొకదానిని నూతనజాతిగా వర్ణించి, నదిపేరిట ‘మిస్టస్ కృష్ణెన్సిస్’ అని నామకరణము చేసిరి.

ఇట్టి వర్ణనకు పూనుకొనువారు చేపను మొదట ఫార్మలిన్‌లో గట్టిపఱచి, పిదప ఆల్కహాలులో భద్రపఱతురు. ముట్టెకొనమొదలు తోకవాజపు మూలమువరకు గల నిడివిని ప్రమాణముగా గైకొని, తల పొడవును, కంటి వ్యాసమును, దేహపు ఎత్తును కాలిపర్సుతో కొలిచి, అవి ఆ నిడివిలో ఎన్నవ పాలో గణింతురు. చిన్నపెద్ద చేపలను సరిపోల్చుటకు ఈ నిష్పత్తులే ఆధారములు. జెల్లకు గల నాలుగు జతల మీసములలో పైదవడ మీసమును వెనుకకు వాల్చి, అది ఏ వాజమును అందుకొనునో చూతురు. వెన్నుమీది వాజమునకు వెనుకనుండు కొవ్వువాజము ఎచ్చట మొదలై ఎంతవరకు సాగునో, తలవెనుకటి ఎముక వెన్నుముల్లు మొదలిని చేరునో చేరదో, రొమ్ముముల్లు లోపలియంచున ఱంపపుపండ్లవలె నిలిచిన కొక్కెములెన్నియో లెక్కింతురు. వలనుండి జెల్లను విడదీయునపుడు జాలరి ఏ ముల్లునకు వెఱచి వ్రేళ్లు ఒద్దికగా కదల్చునో, ఆ ముల్లే శాస్త్రజ్ఞునికి జాతిభేదమును చెప్పు సాక్ష్యము.

ఇట్లు పరీక్షించిన చేపలలో ఒకదానిని ‘హోలోటైపు’గా, అనగా ఆ నామమునకు శాశ్వతాధారముగా ఏర్పఱచి, దొరకిన చోటును తేదీని వ్రాసి, సంగ్రహాలయమున నిలుపుదురు. నూఱేండ్లకు పిమ్మట సందేహము కలిగినవారు సైతము ఆ సీసా మూత తీసి, ప్రతి కొలతను మరల సరిచూచుకొనవచ్చును.

కృష్ణానది జెల్లవిషయమున అట్టి పునఃపరిశీలనమే జరిగినది. 1964లో రోసెల్ అను శాస్త్రజ్ఞుడు జర్మను భాషలో వెలువరించిన వ్యాసమున భీమానది చేపనొకదానిని ‘మిస్టస్ మేడెల్లి’ అని వర్ణించియుండెను. ఎగువన భీమలోను దిగువన సాగరములోను దొరకిన ఆ రెండును ఒకే జాతియని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి. లిన్నేయసు గ్రంథపు 1758 నాటి కూర్పు మొదలుకొని జంతునామములయందు ముందు వెలువడిన పేరే చెల్లుననుట నియమము కావున, మేడెల్లి నిలిచి, కృష్ణెన్సిస్ పర్యాయనామమైనది. పిమ్మట ఆ జాతిని హెమిబాగ్రస్ ప్రజాతికి మార్చుటచే, నేడు దానిని ‘హెమిబాగ్రస్ మేడెల్లి (రోసెల్, 1964)’ అని వ్రాయుచున్నారు. కర్తనామము కుండలీకరణములలో నుండుట ప్రజాతి మాఱినదనుటకు గుర్తు.

ఇందువలన 1988 నాటి శ్రమ వ్యర్థమైనదని తలపరాదు. ఆ జాతి సాగరజలములలోను కలదని లిఖితపూర్వకముగా స్థాపించినది ఆ వర్ణనమే. అది కొలతలతో స్పష్టముగా నుండుటచేతనే దానిని మఱియొకదానితో పోల్చి తీర్పు చెప్పుట సాధ్యమైనది. ఊహతో వ్రాసినదానిని ఖండింపను సమర్థింపను ఎవ్వరికిని శక్యము గాదు. గాజుతొట్లలో వేడుకకు పెంచు చిన్న జెల్లలు మొదలు ఆనకట్టల నడుమ జీవించు పెద్ద జెల్లలవరకు, ఏ చేప ఏ నీటిదో నిశ్చయముగా తెలిసిననే గాని, దాని తఱుగుదలను గుర్తించుటయు రక్షణ కోరుటయు పొసగవు.

కావున నల్లగొండ, పాలమూరు కళాశాలల జంతుశాస్త్రోపాధ్యాయులు విద్యార్థులతో చేపలసంతకు వెళ్లి, జాలరులను అడిగి, ప్రతి జాతికి కొన్ని ప్రతులను స్థలము, తేదీ, స్థానికనామములతో భద్రపఱచుట అవశ్యకర్తవ్యము. మన నదిని గూర్చి రాబోవు తరములు అడుగు ప్రశ్నలకు ప్రత్యుత్తరమిచ్చు సాక్ష్యమును నేడే కూర్చిపెట్టవలెను.