తుపాకి మసి: చెప్పేదీ, చెప్పనిదీ

టీవీలో వచ్చే నేర పరిశోధన ధారావాహికల్లో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. అనుమానితుడి చేతిని దూదితో తుడుస్తారు. దానిపై ఏదో మందు చుక్క వేస్తారు. రంగు మారగానే హంతకుడు దొరికిపోయినట్లే! చూడటానికి రక్తి కడుతుంది గాని, ఇది విజ్ఞానశాస్త్రం పేరుతో రెండు అబద్ధాలను నేర్పుతోంది. చేతికంటిన మసి అలాగే ఉండిపోతుందన్నది ఒకటి. అది ఉంటే ఆ చేయే కాల్చిందన్నది రెండోది.

తుపాకి పేలినప్పుడు తూటా అడుగున ఉండే ప్రైమర్ అనే మందు ముందుగా మండుతుంది. సాధారణంగా అందులో సీసం, బేరియం, ఆంటిమొనీ సమ్మేళనాలుంటాయి. ఆ వేడికి ఆవిరై, మళ్లీ చల్లబడి అవి సన్నని గోళాకార రేణువులవుతాయి. ఎక్కువ భాగం కొద్ది మైక్రాన్ల పరిమాణమే. బతికున్న మనిషి చేతుల మీద ఇవి కొన్ని గంటలకు మించి నిలవవు. కడుక్కున్నా, జేబులో చేయి పెట్టినా రాలిపోతాయి.

భిలాయిలో 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని నిద్రలో ఉండగా కిటికీలోంచి కాల్చి చంపారు. దల్లీ రాజ్‌హరా ఇనుప ఖనిజ గనుల కార్మికులను సంఘటితం చేసిన మనిషి ఆయన. కాల్చాడన్న నిందితుడు పట్టుబడింది 1993లో. ఇక చేతి మీద ఏం మిగులుతుంది? 1997లో విచారణ న్యాయస్థానం ఆరుగురిని దోషులంది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు ఆ ఒక్కడికే యావజ్జీవ శిక్ష వేసింది. ఇన్ని మలుపులు తిరిగిన కేసులో దూది, మందుచుక్క ఎవరికీ అక్కరకొచ్చేవి కావు.

రెండో అబద్ధం మరీ ప్రమాదకరం. రంగు మారే పాత పారఫిన్ పరీక్ష పట్టేది నైట్రేట్లను. అవి ఎరువులోనూ ఉంటాయి, పొగాకులోనూ ఉంటాయి. ఆ లెక్కన మన రైతులందరూ అనుమానితులే! అందుకే నేడు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కో రేణువు ఆకారాన్నీ, అందులోని మూలకాలనూ కలిపి చూస్తారు. ఉక్కు పట్టణంలో చేతులకంటే ఇనుప దుమ్ము ఇక్కడ మోసం చేయదు. చేస్తే గీస్తే కొన్ని వాహనాల బ్రేకుల పొడి, బాణాసంచా చేయాలి.

ఇంత చూసినా, ఆ రేణువు ఎక్కడి నుంచి వచ్చిందో యంత్రం చెప్పదు. బ్రిటన్‌లో 1999లో టీవీ వ్యాఖ్యాత జిల్ డాండో హత్య జరిగింది. దాదాపు ఏడాది తర్వాత ఒకతని కోటు జేబులో ఒకే ఒక్క రేణువు దొరికింది. 2001లో శిక్ష పడింది. ఆ రేణువుకు సాక్ష్యంగా విలువ లేదని తేలాక 2007లో తీర్పు రద్దయింది, 2008లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. పోలీసు జీపు సీటు నుంచి, తుపాకి పట్టుకున్న పోలీసు చేతి నుంచి కూడా ఇలాంటి రేణువు అంటుకోవచ్చు.

ధారావాహికలు తీసేవారు రంగు మారే చుక్కను పక్కన పెట్టి, మృతుడి చేతులకు కాగితపు సంచులు కట్టడం, వేలిముద్రలు తీయకముందే జిగురు బిళ్లతో చేతిని అద్దడం చూపిస్తే బాగుండును. దానికీ రెండు నిమిషాలే పడుతుంది.