ధర పడిన కారు, ధర పడని స్పేర్లు

జర్మన్ కారు పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది. స్పేర్ల ధర మాత్రం పడదు. 2014లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఆడి ఏ3 సెడాన్ 20 లక్షల పైమాటే. ఇప్పుడది కొత్త హ్యాచ్‌బ్యాక్‌కి పెట్టే డబ్బుకే దొరుకుతోందని కుర్రాళ్లు మనసు పడుతున్నారు. మనసు పడదగ్గ కారే. ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరు దాటినా తొణకని ఆ నిలకడ నాకూ ఎంతో ఇష్టం. కానీ మీరు సగం ధరకి కొన్నారు కదా అని గేర్‌బాక్స్ బిల్లు సగానికి తగ్గదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు చూసిపెట్టమని బంధువులు పిలుస్తుంటారు. ఏ3 అంటే నేను మొదట అడిగేది పెట్రోలా, డీజిలా అని. డీజిల్‌లోని ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. వేడిని ఆయిల్ లాగేసుకుంటుంది. పెట్రోల్‌లోని ఏడు గేర్లదానిలో అవి పొడి క్లచ్‌లు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి పాకుతుంటే ఆ వేడంతా అవే భరించాలి. గేర్లు మార్చే మెకాట్రానిక్ యూనిట్ పోతే లక్ష దాటిన బిల్లు మామూలే. ఈ తరహా గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చడానికే 2013లో ఆడి మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది.

అందుకే నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెబుతాను. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా, ఆ రోజుకి చూడను. చల్లటి బండి తీసి, ట్రాఫిక్‌లో బాగా తిప్పి, వేడెక్కాక ఫ్లైఓవర్ ఎత్తులో ఆపి మెల్లగా కదిలిస్తాను. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వణికినా, రివర్స్‌లో కుదిపినా ఇక బేరం ఉండదు. మా మేనల్లుడికి నచ్చిన బండి సరిగ్గా అలాగే వణికింది. “ఆటోమేటిక్ కదా సార్, మామూలే” అన్నాడు అమ్మే అతను. మామూలు కాదు. బాగున్న ఏ3లో గేరు మారినట్టే తెలియదు.

నీళ్ల భయం ఇంకోటి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునగడం చూశాం. మునిగిన కారుని కడిగి, పాలిష్ పట్టి అమ్మేవాళ్లున్నారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద చార అక్కడ దాక్కుంటుంది. స్టెప్నీ గుంటలో తుప్పు, కార్పెట్ కింద మట్టి వాసన కూడా చూడాలి. అడుగడుగునా ఎలక్ట్రానిక్సే ఉన్న ఇలాంటి కారుకి నీళ్లు తగిలితే ఏ వైరు ఎప్పుడు మొరాయిస్తుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండి చవకే, అక్కడ పదేళ్లు దాటినవాటిపై ఆంక్షలు పెట్టారు మరి. ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్ కలిపి చూశాకే అది చవకో కాదో తేల్చుకోవాలి.

నా లెక్క ఇది. చేతిలో 10 లక్షలుంటే కారు మీద 8కి మించి పెట్టొద్దు. మిగతా 2 బ్యాంకులో ఉండాలి. అప్పు చేసి కొంటానంటే వద్దనే చెబుతాను. మీటర్ 30 వేలు చూపిస్తూ కాగితాలేవీ లేని బండి కన్నా, లక్ష తిరిగినా ప్రతి సర్వీసు బిల్లూ దాచిన ఓనర్ బండి నాకు నమ్మకం. బేరం కుదిరితే 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు కాబట్టి కొంత ప్రీమియం అదనంగా పడుతుంది. అది కూడా ఆ 2 లక్షల్లోంచే తీయండి.