కొంగుకు బదులుగా కుట్టిన సంచి

తాంబూలానికి మొదట్లో సంచి లేదు. పెళ్ళికి వచ్చిన ముత్తైదువ బయల్దేరే వేళ బొట్టు పెట్టించుకుని కొంగు చాచేది. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, జాకెట్టు ముక్క అందులో పడేవి. కొంగు ముడేసుకుని నాలుగిళ్ళ అవతల ఉన్న తన ఇంటికి నడిచి వెళ్ళేది. కాలక్రమంలో చుట్టాలు దూరాభారాలయ్యారు. బస్సులెక్కి, రైళ్ళెక్కి రావడం మొదలైంది. తాంబూలంలోకి కొబ్బరికాయ వచ్చింది, మిఠాయి వచ్చింది. కొంగు చాలక సంచి పుట్టింది. అందుకే ఏ తాంబూలం సంచి చేతికొచ్చినా నేను కొంగుతోనే పోల్చి చూస్తాను. అంత మెత్తగా ఉందా? అంత బరువూ ఆపుతుందా? ఇంటికి చేరాక కూడా పనికొస్తుందా?

ఈ మూడు ప్రశ్నలకూ నిలబడ్డ సంచిని ఉయ్యూరులో మా పిన్ని కుట్టుమిషను దగ్గర చూశాను. పిన్ని పెళ్ళిళ్ళకు తాంబూలం సంచులు కుడుతుంది. గుడ్డ మాత్రం పెడన నుంచి తెప్పిస్తుంది. ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు పట్టుకుని పామర్రు మీదుగా బందరు, అంటే మచిలీపట్నం, చేరితే, అక్కడికి దగ్గరలోనే పెడన. ప్రపంచం మచిలీపట్నం కలంకారీ అని పిలిచే అద్దకం గుడ్డ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. శ్రీకాళహస్తిలో కలం పట్టి గీస్తారు, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. పేరు ఒకటే అయినా చేతులు వేరు, పని వేరు.

సంచి గొప్పతనం గుడ్డతోనే మొదలవుతుంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి. కోరా గుడ్డను ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ ఇనప నీళ్ళలో అచ్చు ముంచి అద్దగానే గుడ్డలోని కరక్కాయ వగరు దాన్ని పట్టుకుంటుంది. గీత కళ్ళముందే నల్లబడుతుంది. చుట్టూ చెరకు తోటలున్న ఉయ్యూరువాళ్ళం మేం. బెల్లం పాకంలోకే కాదు, పెళ్ళి సంచి మీది నల్లగీతలోకి కూడా వెళుతుందంటే నాకు చెప్పలేనంత ముచ్చటేసింది.

ఎరుపు కథ ఇంకా చిత్రమైనది. ఎరుపు రావలసిన చోట అద్దేది ఎరుపు రంగు కాదు, పటిక నీళ్ళు. పటికకు సొంత రంగు లేదు. ఎక్కడ అద్దామో కనపడటానికి అందులో కాస్త రంగు కలుపుతారు, చెదిరి పాకకుండా బంక కలుపుతారు. ఆ తర్వాత గుడ్డను పారే నీళ్ళలో ఉతికి, పెద్ద రాగి పాత్రల్లో మరిగిస్తారు. పూర్వం ఆ నీళ్ళలో చిరివేరు, మంజిష్ఠ వంటివి పడేవి. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు మంజిష్ఠ జాతి వేళ్ళలోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేయడం కనిపెట్టారు. దాని పేరు అలిజరిన్. ఇప్పుడు చాలాచోట్ల మరుగుతున్నది అదే. ఏది మరిగినా సూత్రం మారలేదు. పటిక తగిలిన చోటే ఎరుపు అంటుకుంటుంది, మిగతా గుడ్డకు అంటిన రంగు ఉతుకుల్లో వదిలిపోతుంది. అంటే అద్దేవాడు ఇంకా పుట్టని రంగును మనసులో చూసుకుంటూ పని చేస్తాడు. అతని చెయ్యి తప్పిందో ఒప్పిందో గుడ్డ మరిగాకే తెలుస్తుంది.

అచ్చు కూడా దగ్గరగా చూడదగ్గ వస్తువు. టేకు చెక్క మీద పువ్వును తిరగేసి చెక్కుతారు. కొత్త అచ్చును నూనెలో నానబెడతారు, నీళ్ళకు పగలకుండా, ఉబ్బకుండా. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు చాలదు. గీతకు ఒకటి, లోపలి ఎరుపుకు ఒకటి, నేలకు ఇంకొకటి, ఎన్ని రంగులుంటే అన్ని. పరుపులా మెత్తగా చేసిన బల్ల మీద గుడ్డ పరిచి, అచ్చు ఆనించి, దాని వీపు మీద అరచేతి మడమతో ఒక్క గుద్దు గుద్దుతారు. రెండో అచ్చు మొదటి గీత లోపల సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా ఎరుపు గీత దాటి బయట పడుతుంది. మీటర్లకు మీటర్లు అలా కూర్చోబెట్టడం సామాన్యం కాదు.

ఈ గుడ్డకు పెద్ద చరిత్ర ఉంది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషు కంపెనీవారు 1611లో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఈ కోరమాండల్ తీరపు అద్దకాలు వాళ్ళకు ప్రాణం. యూరప్ జనం వాటి వెంట ఎంతగా పడ్డారంటే, తమ నేతగాళ్ళ బతుకుతెరువు పోతుందని ఫ్రాన్సు 1686లో భారతదేశపు అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. 1701 నుంచి ఇంగ్లండు వాటి దిగుమతిని అడ్డుకుంది. అంతటి సంప్రదాయానికి వారసురాలైన గుడ్డ మన పెళ్ళిలో అరటిపండ్లు మోయడానికి వస్తోంది. మనకు ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఇక పిన్ని పని. ఆవిడ లెక్క ముచ్చటగా ఉంటుంది. గుడ్డ పన్నా 44 అంగుళాలు. 11 అంగుళాల చొప్పున అడ్డంగా నాలుగు ముక్కలు వస్తాయి, ఒక్క పీలిక కూడా వృథా పోదు. ఒక్కో ముక్క పొడవు 25 అంగుళాలు. పక్క కుట్లకు అటు అరంగుళం, ఇటు అరంగుళం పోతే సంచి వెడల్పు 10 అంగుళాలు. మూతి మడతకు రెండువైపులా అంగుళమున్నర చొప్పున పోతే, అడుగు మూలలు కుట్టకముందు ఎత్తు 11. ఈ లెక్కన నూరు సంచులకు పదహారు మీటర్ల గుడ్డ చాలు.

ముక్కను మధ్యకు మడిచి రెండు పక్కలు కుడితే సంచి అయిపోతుంది, అడుగున కుట్టే ఉండదు. కుట్టు లేని అడుగు చిరగదు. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. నేను ఒక చిలకల గుడ్డ ఎంచి ఇస్తే పిన్ని నవ్వి దాన్ని మధ్యకు మడిచి చూపించింది. ముందువైపు చిలకలు కొమ్మ మీద నిటారుగా కూర్చున్నాయి. వెనక్కి తిప్పితే తలకిందులుగా వేలాడుతున్నాయి.

"చూశావా? ఒకవైపు పెళ్ళి, ఇంకోవైపు శీర్షాసనం" అంది.

అందుకని ఒకే ముక్కతో కుట్టే సంచికి ఎటు తిప్పినా ఒకేలా ఉండే గుండ్రటి పూలో, చుక్కల బుటాలో ఎంచుతుంది. చిలకలే కావాలని పెళ్ళివారు పట్టుబడితే రెండు ముక్కలు కోసి, అడుగున ఇంకో కుట్టు వేస్తుంది. దానికి కూలి కాస్త పెరుగుతుందని ముందే చెబుతుంది.

పక్క కుట్లు చూడండి. సంచి తిరగేసినా లోపల ఒక్క దారప్పోగు వేలాడదు. మొదట గుడ్డను మంచివైపు బయటికి పెట్టి అంచున సన్నగా ఒక కుట్టు వేస్తుంది. తిరగేసి, ఆ అంచు లోపల బందీ అయ్యేలా ఇంకో కుట్టు వేస్తుంది. ఒకే కుట్టుతో పోయేదానికి రెండు కుట్లు. వచ్చినవాళ్ళెవరూ సంచి తిరగేసి చూడరు కదా అన్నాను. "ఉతికినప్పుడు తిరగేస్తారుగా" అంది. సంచిని ఉతుకుతారని, ఉతికి మళ్ళీ వాడతారని ఆవిడకు నమ్మకం. కుట్టు గట్టిదనమంతా ఆ నమ్మకంలో ఉంది.

అడుగు మూలల్ని మాత్రం ఆవిడ దగ్గరే చూడాలి. సంచి లోపలివైపు బయటికి ఉండగా రెండు మూలల్నీ ముక్కోణాల్లా లాగి, ఒక్కోదానికి అడ్డంగా నాలుగంగుళాల కుట్టు వేస్తుంది. మంచివైపుకు తిప్పగానే అడుగు పెట్టెలా పరుచుకుంటుంది, ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు. సంచి బల్ల మీద తనంతట తాను నిలబడుతుంది. ఆ ముక్కోణాల్ని చాలామంది కత్తిరించి పారేస్తారు. పిన్ని వాటిని లోపలికి మడిచి అడుగుకే కుట్టేస్తుంది. కొబ్బరికాయ బరువు పడే చోట గుడ్డ రెండు పొరలవుతుంది.

చేతిపట్టీలు వేరే గుడ్డవి, సాదా మెరూన్ రంగు. ఆ గుడ్డను కత్తెర పెట్టేముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేస్తుంది. కలంకారీ గుడ్డ తయారీలోనే మరిగి, ఉతుకులు తిని ముడుచుకోవలసినంత ముడుచుకుని ఉంటుంది. సాదా గుడ్డ అలా కాదు. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుక్కే పట్టీ ముడుచుకుని సంచి మూతిని పీక్కుపోతుంది. పట్టీ సంచికి కలిసే చోట చదరంగా ఒక కుట్టు, ఆ చదరంలో ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు. సంచులన్నీ తెగేది అక్కడే, ఈ సంచి మాత్రం తెగదు.

పెళ్ళివారు అడిగే మొదటి కోరిక వధూవరుల పేర్లు సంచి మీద పెద్ద అక్షరాలతో వేయించమని. పిన్ని కాదనదు, చోటు మాత్రం మారుస్తుంది. మూతి మడత లోపలివైపు చిన్న తెల్ల పట్టీ మీద పేర్లు, ముహూర్తం తేదీ వేయించి కుట్టిస్తుంది. బయటినుంచి చూస్తే అందమైన గుడ్డ సంచి, లోపలికి చూస్తే ఫలానా పిల్లల పెళ్ళి. కూరగాయలు వేసుకోవడానికి మూతి విప్పిన ప్రతిసారీ ఆ పేర్లు పలకరిస్తాయి.

సర్దడం కూడా పనితనమే. అడుగున కొబ్బరికాయ. పక్కన గోడలా నిలబెట్టిన జాకెట్టు ముక్క. పైన అరటిపండ్లు, పసుపు కుంకుమ పొట్లాలు. అన్నింటికీ పైన అరటాకు ముక్కలో చుట్టిన తమలపాకులు, వక్కలు. తడి ఆకు గుడ్డకు తగిలితే మరక, పండు అడుగున పడితే గుజ్జు. మిఠాయి పెట్టాలనుకునేవారికి బందరు లడ్డు ఉండనే ఉంది, దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతి లడ్డు గుడ్డకు జిడ్డు పట్టిస్తుంది కాబట్టి దానికి తాటాకు బుట్ట ఉత్తమం. దివిసీమలో తాటిచెట్లకు కొదవలేదు. లేత ఆకును ఎండలో ఆరబెట్టి, సన్నగా చీల్చి, ఒక చీలిక పైకి, ఒకటి కిందికి అల్లుకుంటూ పోతారు. మూతను ఒంటికన్నా రవ్వంత పెద్దదిగా అల్లితే పైనుంచి టోపీలా దిగుతుంది, దారం అక్కర్లేదు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎక్కువగా కనిపించే సంచి సంగతి చెప్పక తప్పదు. చూడ్డానికి గుడ్డలా ఉండే ఆ నాన్‌వోవెన్ సంచి నిజానికి పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాములకన్నా తక్కువ బరువున్నవాటిని 2021 సెప్టెంబరు 30 నుంచి కేంద్రం నిషేధించింది. చౌక అన్నమాట నిజమే. కానీ కొన్నాళ్ళకు పొడిపొడిగా రాలి కాలవ గట్టున పడే సంచి మీద మన పిల్లల పేర్లు వేయించి ఇవ్వడం నా మనసుకు నచ్చదు. అలాగే కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు అమ్మేవాళ్ళూ ఉన్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. అచ్చు గుడ్డలో పువ్వుకూ పువ్వుకూ రవ్వంత తేడా ఉంటుంది, ఒక అచ్చు ఆగి ఇంకోటి మొదలైన చోట సన్నని అతుకు గీత కనిపిస్తుంది, రంగు వెనకవైపుకూ దిగి ఉంటుంది. అన్ని పూలూ ఒకే పోతగా, వెనక తెల్లగా ఉంటే అది చెయ్యి తాకని గుడ్డ.

ఒక్కమాట గుర్తుంచుకోవాలి. ఈ గుడ్డకు పారే నీళ్ళు కావాలి, ఎండ కావాలి. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు, వైశాఖ జ్యేష్ఠాల పెళ్ళిళ్ళు సరిగ్గా అప్పుడే. శ్రావణం పెళ్ళిళ్ళకు వానలు అడ్డు. అందుకే సంచుల కోసం పెళ్ళికి వారం ముందు పరుగెత్తితే చేతిపని దొరకదు. మీ ఇంట సంబంధం కుదిరితే, కల్యాణ మండపానికి చెప్పిన రోజే పెడన గుడ్డకూ చెప్పండి, మీ వీధిలో కుట్టుమిషను ఉన్న అమ్మకూ చెప్పండి. నూరు సంచులకు పదహారు మీటర్ల గుడ్డ, కనీసం రెండు నెలల వ్యవధి. వాళ్ళు అడిగేది అంతే.